గడప దాటని లుంగీ

నడుముకు చుట్టుకునే గుడ్డలన్నీ ఒకటేననే వాళ్లను చూస్తే పిళ్ళప్పకు ఒళ్లు మండుతుంది. ఈ మంట ఇవాళ్టిది కాదు గానీ, ఈ నాలుగు నెలల్లో మరీ ఎక్కువైంది. అందులో కొంత పాపం ఫిజియోథెరపీ అమ్మాయిది. చిక్కబళ్ళాపురంలో ఆయన ఉంటున్న కొడుకింటికి ఆ పిల్ల రోజు విడిచి రోజు వచ్చి, ఆయన కాలు మడిపించి, చాపించి పోతుంది. మంచి పిల్లే. ఒక పొద్దున బీరువా తలుపు తెరిచి ఉంటే, పై అరలో దొంతి పెట్టిన తెల్ల పంచెలు చూసి, "తాతకు ఇన్ని లుంగీలా?" అని నవ్వుతూ కన్నడంలో అడిగింది. ఆ రోజు పిళ్ళప్ప కాలు మడవలేదు, చాపలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన లెక్కలో గోచి చేనుకు. తుండుగుడ్డ స్నానానికి. లుంగీ పడకకు, మహా అయితే పెరడు దాకా. నాలుగు మూరల పంచె ఊళ్లో తిరగడానికి, ఎనిమిది మూరలది పొరుగూరికి, పెద్దమనుషుల మధ్య కూర్చోవడానికి. కుచ్చెళ్లు కాళ్ల సందున తీసి వెనక దోపి కట్టే కచ్చె పంచె పెళ్లికీ పూజకూ. ధోవతి అన్నా అదే కదా అని ఎవరైనా అంటే, ధోవతి పుస్తకాల్లో ఉంటుంది, పంచె మనిషి మీద ఉంటుంది అనేవాడు. వీధిలో ఎవడైనా లుంగీతో కనిపిస్తే వాడింకా పడక మీంచి లేవలేదని తేల్చేసేవాడు. వాడు అప్పటికే పదిమైళ్లు నడిచి వచ్చినా సరే, పిళ్ళప్ప లెక్కలో లేవనట్టే.

ఇవేవీ ఆయన చదివి నేర్చుకున్నవి కావు. బాగేపల్లి దగ్గర పరగోడు ఆయన ఊరు. మూడెకరాల మెట్ట, వేస్తే వేరుశనగ, వాన పడితే పంట. వాన పడని ఏళ్లు ఎక్కువయ్యేసరికి సైకిలు వెనక గుడ్డల మూట కట్టాడు. చింతామణిలో టోకు కొట్టునుంచి పంచెలు, లుంగీలు, తువ్వాళ్లు తెచ్చి బాగేపల్లి సంతలో పరిచేవాడు, మిగతా రోజులు ఊరూరా తిరిగేవాడు. ముప్పై అయిదేళ్లు అదే పని. ఎదురుగా నిలబడ్డ మనిషి నడుము చూసి మూరలు చెప్పేవాడు, పాదాలు చూసి అంచు చెప్పేవాడు. పెళ్లికొడుకుకు కచ్చె కట్టాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన్నే పిలిచేవాళ్లు. లుంగీలు కూడా అమ్మేవాడు, మూటలో సగం అవే. అయితే వాటిని మూట అడుగున పెట్టేవాడు.

పంచె దించడం ఇంకో సంగతి. ఎండలో నడిచేటప్పుడు మగవాళ్లు పంచెను మోకాళ్ల దాకా మడిచి కడతారు. ఎదురుగా పెద్దవాడు వస్తే ఆ మడత విప్పి పాదాల దాకా దించాలి. చేతులెత్తి దండం పెట్టకపోయినా గడుస్తుంది, పంచె దించకపోతే మాత్రం పదిరోజులు చెప్పుకుంటారు. ఎవడు దించాడు, ఎవడు దించలేదు, ఎవడు సగం దించి సరిపెట్టాడు అన్నది పిళ్ళప్ప మనసులో చెరగకుండా ఉండేది. ఆయన తనకంటే పెద్దవాళ్లకు దించాడు. వయసులో చిన్నవాడికి ఒక్కడికీ దించలేదు.

అంత పంచె పిచ్చి ఉన్న మనిషిని ఆ పంచే పడేసింది. పోయిన కార్తికంలో బాగేపల్లిలో బస్సు దిగుతూ తన పంచె అంచును తనే తొక్కి, మెట్ల మీంచి రోడ్డు మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. బెంగళూరులో ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. ఇంటికొచ్చిన మూడు వారాలకు స్నానాలగదిలో తడి పంచె కాలికి చుట్టుకుని మళ్లీ జారాడు. ఎముకకేమీ కాలేదు గానీ ఇంట్లోవాళ్ల గుండెలు జారాయి. చీలమండ కింద వేలాడే గుడ్డ ఏదీ కట్టకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సాయంత్రమే కోడలు శృతి ఆయన పంచెలు పదహారూ మడిచి, తన బీరువా పై అరలో పెట్టి తాళం వేసింది. వాటి బదులు నాలుగు లుంగీలు తెచ్చింది. టైలరు చేత రెండు అంచులూ కలిపి కుట్టించి, కింద జానెడు కత్తిరించి, నడుముకు ఎలాస్టిక్ పెట్టించింది. కాళ్లు దూర్చి పైకి లాక్కోవడమే, ముడి వేసే పని కూడా లేదు.

శృతి చెడ్డది కాదు, ఆ మాట ముందే చెప్పాలి. బడిలో పంతులమ్మ. మామకు వేళకు మాత్రలు, వేళకు గంజి, ఏ లోటూ చెయ్యలేదు. రెండోసారి ఆయన జారినప్పుడు లేపి కూర్చోబెట్టింది ఆమే, ఆ తర్వాత వంటింట్లో ఏడ్చిందీ ఆమే. బడికి పోయేటప్పుడు బీరువా తాళంచెవి సంచిలో వేసుకుపోయేది. ఇంటి తలుపు మాత్రం తెరిచే ఉంచి, "వాకిట్లో కుర్చీ ఏసినా మామా, గాలికి కూచోండి" అని చెప్పిపోయేది.

పిళ్ళప్ప కూర్చోలేదు. ఇంటి తలుపుకు తాళం లేదు, బీరువాకు ఉంది. ఆయన్ను ఇంట్లో బంధించింది ఆ బీరువా తాళమే. లుంగీతో గడప దాటినవాణ్ణి ముప్పై అయిదేళ్లు ఎగతాళి చేసిన మనిషి ఇప్పుడు తనే లుంగీతో గడప ఎలా దాటతాడు? మొదటివారం హాల్లో తలుపుకెదురుగా కూర్చున్నాడు. వీధిలో పోయేవాళ్లకు కనిపిస్తున్నానని కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. ఇంకా కనిపిస్తున్నాననిపించి గది లోపలికి జరిపాడు. చివరకు గోడా, గోడ మీద క్యాలెండరూ, ఫ్యానూ తప్ప ఏమీ కనిపించని చోట స్థిరపడ్డాడు. పరగోడునుంచి ఎవరైనా పలకరించడానికి వస్తే దుప్పటి తీసి ఒళ్లో కప్పుకునేవాడు. చలి అని చెప్పేవాడు. మార్చి నెలలో చలేమిటని ఎవరూ అడగలేదు గానీ, ఆయనకే సిగ్గేసింది. బతుకు ఇంత చిన్న గదిలోకి కుదించుకుపోతుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

అట్లా ఉండగా ఒక శుక్రవారం హనుమక్క ఫోను చేసింది. హనుమక్క ఆయన చెల్లెలు. చింతామణి తాలూకాలో కెంచార్లహళ్ళి ఆమె అత్తగారి ఊరు. ఆ ఫోనులో ఆమె గొంతు వినగానే పిళ్ళప్ప కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, ఎందుకంటే అన్నాచెల్లెళ్లు సరిగ్గా మాట్లాడుకుని ఇరవై ఆరేళ్లయింది.

"అన్నా, ఆయనకు ఊపిరాడటంల్యా" అంది హనుమక్క. "ఊపిరితిత్తుల నిండా బోరు దుమ్మే అంట. ఆక్సిజన్ మిషను పెట్టుకోని ఉండాడు. మొన్నట్నుంచి నిన్నే అడుగుతాండాడు. ఒకసారి వచ్చిపో."

ఆయన అంటే ఆంజనేయప్ప, హనుమక్క మొగుడు. పిళ్ళప్పకంటే ఆరేళ్లు చిన్న. వయసులో ఉన్నంతకాలం బోరు లారీ మీద పని చేశాడు. రాళ్లనేలలో ఎనిమిది వందల అడుగులు, వెయ్యడుగులు తూట్లు పొడుస్తుంటే లేచే తెల్లటి దుమ్ములో పగలూ రాత్రీ నిలబడ్డవాడు. ఆ దుమ్మే ఇప్పుడు లోపల కూర్చుంది.

ఇరవై ఆరేళ్ల కిందటి సంగతి పిళ్ళప్ప ఎవరికీ చెప్పడు. కానీ రోజూ తలుచుకుంటాడు. పెద్దకూతురు మీనాక్షికి సంబంధం కుదిరి, పరగోడు ఇంట్లో తాంబూలాలు మార్చుకునే రోజు. గుడిబండ వైపునుంచి మగపెళ్లివారు వచ్చారు. చాపల మీద ఎనిమిది మూరల పంచెలు వరసగా కూర్చున్నాయి. మేనత్తగా పళ్లెం పట్టుకోవాల్సింది హనుమక్క. ముందురోజే వచ్చి ఇల్లంతా ఊడ్చి ముగ్గులు వేసింది. ఆంజనేయప్ప మాత్రం చేలూరు దగ్గరెక్కడో రెండు రాత్రులుగా బోరు పనిలో ఉన్నాడు. ముహూర్తానికి పావుగంట ముందు బోరు లారీ అతన్ని ఊరి మలుపులో దించి వెళ్లింది. పరుగులాంటి నడకతో వచ్చాడు. తలలో, కనుబొమల్లో తెల్లటి రాతిపొడి. ఒంటి మీద నీలిగళ్ల లుంగీ, మోకాళ్ల దాకా మడిచి.

గడప దగ్గర నిలబడ్డ పిళ్ళప్పను చూడగానే ఆంజనేయప్ప ఆగాడు. లుంగీ మడత విప్పి పాదాల దాకా దించాడు. "ముహూర్తానికి అందుకున్నా బావా" అని నవ్వాడు.

పిళ్ళప్ప గుమ్మానికి అడ్డంగా పెట్టిన చెయ్యి తియ్యలేదు. "లోపల పెద్దోళ్లు ఉండారు. పంచె కట్టుకోని రాపో" అన్నాడు.

గట్టిగా కూడా అనలేదు. ఆంజనేయప్ప కాసేపు ఆయన మొహం చూశాడు. తర్వాత సరే బావా అన్నాడు, వెనక్కి తిరిగాడు. లోపల పళ్లెం చేతిలో పట్టుకుని నిలబడ్డ హనుమక్క ఈ మాట విన్నది. పళ్లెం కింద పెట్టి, పెరటి తలుపు తీసుకుని మొగుడి వెంట వెళ్లిపోయింది. పిళ్ళప్ప భార్య పుట్టమ్మ వెనకాలే పరుగెత్తి చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. పళ్లెం వేరెవరో పట్టుకున్నారు. మీనాక్షి పెళ్లికి మేనత్త రాలేదు.

రావద్దన్నానా నేను, పంచె కట్టుకుని రమ్మన్నాను, అంతే కదా. పిళ్ళప్ప ఇన్నేళ్లూ తనకు తాను చెప్పుకున్నది ఇదే. పుట్టమ్మతో అంటే, ఆమె లేచి వంటింట్లోకి పోయింది. ఎనిమిదేళ్ల కిందట ఆమె పోయినప్పుడు హనుమక్క వచ్చి, ఏడ్చి, మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లింది. ఆంజనేయప్ప కూడా వచ్చాడు. తెల్లటి పంచె కట్టుకుని వచ్చాడు. వీధికి అవతల ఎదురింటి గోడ పక్కన నిలబడ్డాడు. శవం లేచేదాకా అక్కడే ఉండి, గడప తొక్కకుండా వెళ్లిపోయాడు. పంచె కట్టుకుని వచ్చి కూడా లోపలికి రాలేదెందుకని అడిగే ధైర్యం పిళ్ళప్పకు ఆ రోజు లేదు. తర్వాత కూడా రాలేదు.

అందుకే ఇప్పుడు వెళ్లాలి. అడగడానికి కాదు. ఊపిరి ఉండగా ఒకసారి ఎదురుగా కూర్చోవాలి, తప్పు నాదే అన్న ఒక్క మాట అనాలి. ఆ మాట అనకముందే ఆంజనేయప్ప పోతే, ఇక అది తనతోనే కాష్ఠానికి పోవాల్సిందే.

ఆ రాత్రే కొడుకును అడిగాడు. మంజునాథ తాలూకా ఆఫీసులో గుమాస్తా, తండ్రంటే ప్రాణం. ఆదివారం కారులో తీసుకుపోతానన్నాడు. ఆదివారం తెల్లవారగానే పిళ్ళప్ప స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పంచె ఇమ్మని చెయ్యి చాపాడు. శృతి మొగుడి వైపు చూసింది. మంజునాథ తల అడ్డంగా ఊపాడు. డాక్టరు ఏమన్నాడో గుర్తు చేశాడు. కావాలంటే తన ట్రాక్ ప్యాంటు వేసుకోమన్నాడు, లేకపోతే లుంగీతోనే కారులో కూర్చోమన్నాడు. ఎక్కడా దిగే పని లేదన్నాడు.

"వాళ్లింటి కాడ దిగొద్దా?" అన్నాడు పిళ్ళప్ప.

"వాళ్లింట్లో నీ లుంగీని ఎవరు చూస్తారప్పా?"

"వాడు చూస్తాడు."

మంజునాథకు అర్థం కాలేదు. తాంబూలాల నాటికి వాడు పదహారేళ్లవాడు, పెరట్లో వంటపాత్రల దగ్గర ఉన్నాడు. గడప దగ్గర ఏం జరిగిందో వాడికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పిళ్ళప్ప ఇప్పుడూ చెప్పలేదు. ఒక్క పంచె ఇవ్వమన్నాడు, ఆ పూటకు ఇవ్వమన్నాడు, చేతులు పట్టుకుని నడిపించమన్నాడు. ఇంకోసారి పడితే ఇక లేవలేవని మంజునాథ గొంతు పెంచాడు. పెంచినందుకు వెంటనే నొచ్చుకున్నాడు కూడా. అరగంట సేపు కారు వాకిట్లో నిలిచే ఉంది. తర్వాత మంజునాథ దాన్ని తీసుకెళ్లి చెట్టు నీడలో పెట్టి వచ్చాడు.

పిళ్ళప్ప తన గోడ దగ్గరికి, తన క్యాలెండరు దగ్గరికి పోయి కూర్చున్నాడు. కోపం కొడుకు మీదేననుకున్నాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నప్పుడు, కారు వాకిట్లోకి వచ్చి నిలిచినా ఎక్కనిది తానేనని తోచి కంచం పక్కకు నెట్టాడు.

బుధవారం పొద్దున హనుమక్క మళ్లీ ఫోను చేసింది. ఈసారి ఏడుస్తోంది. మాట కూడా సరిగ్గా అందడం లేదని, వచ్చేట్టుంటే ఈ పొద్దే రమ్మని చెప్పింది. ఇంట్లో ఎవరూ లేరు. మంజునాథకు ఫోను చేస్తే మీటింగులో ఉన్నాడు, తియ్యలేదు. పిళ్ళప్ప కర్ర పట్టుకుని బీరువా దగ్గరికి పోయాడు. హ్యాండిలు లాగాడు, గుంజాడు, చివరికి అరచేత్తో ఒక దెబ్బ వేశాడు. ఇనప బీరువా, ఏం కదులుతుంది? పదహారు పంచెలు ఆ రేకు వెనకే ఉన్నాయి, ఒక్కటీ చేతికి రాదు.

అప్పుడు ఆయన చేసిన పని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. మంచం మీది తెల్లటి దుప్పటి లాగాడు. అంచున నీలం పూలున్నాయి, వాటిని లోపలికి మడిచాడు. ముప్పై అయిదేళ్లు ఊరిజనానికి పంచెలు కట్టిన చేతులు, ఆ దుప్పటిని నడుముకు చుట్టి కుచ్చెళ్లు పెట్టసాగాయి. దుప్పటి బరువుకు ముడి నిలవలేదు. మళ్లీ కట్టాడు, మళ్లీ జారింది. మూడోసారి అంచు కాలి కింద పడి తూలి మంచం పట్టె పట్టుకున్నాడు. అట్లాగే మంచం మీద కూలబడ్డాడు. అద్దంలో ఒక ముసలివాడు పూల దుప్పటి ఒళ్లో పెట్టుకుని కనిపించాడు. అక్కడ ఒక మనిషికి ఊపిరి అందడం లేదు, ఇక్కడ నేను కుచ్చెళ్లు సరిచేసుకుంటున్నాను అనుకుని పిళ్ళప్ప తనను తానే తిట్టుకున్నాడు. ఆ తిట్టు ఇక్కడ రాసేది కాదు.

దుప్పటి వదిలేసి లుంగీ పైకి లాక్కున్నాడు. ఆకుపచ్చ గళ్లది, కురచది, ఎలాస్టిక్‌ది. గడప దగ్గర ఒక్క నిమిషం ఆగాడు. కుడికాలు బయటపెట్టాడు.

పక్కింటావిడ గేటు దగ్గర పూలు కొంటోంది. "ఊరికా తాతా?" అంది, ఆయన మొహం చూసే అంది. ఆటోవాడు చెయ్యందించి ఎక్కించాడు. బస్టాండులో చింతామణి బస్సు కండక్టరమ్మ ముందు సీటు ఖాళీ చేయించి కూర్చోబెట్టింది. పిళ్ళప్ప లుంగీ కనిపించకుండా చేతిసంచి ఒళ్లో అడ్డం పెట్టుకున్నాడు. శిడ్లఘట్ట దాటేదాకా అట్లాగే పట్టుకుని ఉన్నాడు. తర్వాత చేతులు నొప్పి పుట్టి సంచి పక్కన పెట్టాడు. ఎవరూ చూడలేదు. ఎదురు సీట్లో కుర్రాడు మోకాళ్ల పైకి నిక్కరు వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. వెనకాల ఇద్దరు రైతులు టమాటా ధర మాట్లాడుకుంటున్నారు, వాళ్లూ లుంగీలే. బస్సు నిండా జనం, ఆయన నడుముకు ఏముందో ఒక్కరికీ పట్టలేదు. పట్టి ఉంటే సిగ్గేసేది. పట్టకపోవడం ఇంకా బాధగా ఉంది. నాలుగు నెలలు గోడను చూస్తూ కూర్చున్నది ఎవరి కోసమని?

మంజునాథ దగ్గరనుంచి వరసగా ఫోన్లు వస్తున్నాయి. అయిదోసారి తీసి, కెంచార్లహళ్ళికి పోతాండా అని చెప్పి పెట్టేశాడు. చింతామణిలో దిగి ఇంకో ఆటో ఎక్కాడు.

చెల్లెలి ఇల్లు చూడక ఇరవై ఆరేళ్లయింది. పెంకులు పోయి మిద్దె వచ్చింది. గడప మాత్రం పాతదే. పిళ్ళప్ప మెట్టు ఎక్కి, గోడకు చెయ్యి ఆనించి, గడప ఇవతలే నిలబడ్డాడు. లోపల మిషను గుర్రుమంటోంది. గ్లాసు చేత్తో పట్టుకుని అటు వచ్చిన హనుమక్క ఆయన్ను చూసింది. మొహం చూసింది, తర్వాత నడుము చూసింది. పొద్దున్నుంచీ ఆయన లుంగీని చూసిన మొదటి మనిషి ఆమే.

"ఇంట్లో పంచె ఇయ్యల్యామ్మా" అన్నాడు పిళ్ళప్ప.

హనుమక్క చేతిలోని గ్లాసు కింద పెట్టింది. పిళ్ళప్ప కర్ర మీద బరువంతా మోపాడు. పొమ్మంటే పోవాల్సిందేనని, పొమ్మనే హక్కు ఆమెకు ఉందని ఆయనకు తెలుసు.

"లోపలికి రాన్నా" అంది ఆమె.

నడవలో మంచం. ఆంజనేయప్ప తలగడలు ఎత్తుగా పెట్టుకుని ఆనుకుని ఉన్నాడు, ముక్కులో గొట్టాలు. ఒళ్లు సగమైంది. నడుముకు నీలిగళ్ల లుంగీ. బావను చూసి పెదాలు కదిలించాడు. అది నవ్వేనని పిళ్ళప్పకు కాసేపటికి తెలిసింది.

"లుంగీలో... వచ్చినావా బావా" అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగా ఆశ్చర్యపోయాడు. పిళ్ళప్ప ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. బస్సులో వరసగా పేర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. మందులు ఏమిస్తున్నారని అడిగాడు. కరెంటు పోతే మిషను ఎట్లా అని అడిగాడు. హనుమక్క జవాబులు చెప్పింది. ఆంజనేయప్ప కళ్లు మాత్రం ఆ ఆకుపచ్చ గళ్ల మీదే ఉన్నాయి. కాసేపటికి చెయ్యెత్తి పెళ్లాన్ని దగ్గరికి రమ్మన్నాడు.

"పెట్లో... నా పంచె ఉండాది. బావకియ్యి" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "తిరిగి పోవల్ల కదా. లుంగీలో... యాట్ల పోతాడు బజార్లో."

హనుమక్క ట్రంకు పెట్టె తెరిచింది. అడుగునుంచి పంచె తీసి అన్న ఒళ్లో పెట్టింది. పిళ్ళప్ప వేళ్లు వాటంతటవే అంచు తడిమాయి. నాలుగు మూరలది. చింతామణి సరుకు. ఒక్కసారి కట్టి ఉతికిన గుడ్డ. ఒక్కసారి ఎప్పుడు కట్టాడో కూడా ఆయనకు తెలుసు. పుట్టమ్మ పోయిన రోజు ఎదురింటి గోడ పక్కన చూశాడు.

"అన్నా" అంది హనుమక్క. పెట్టె మూత వేసి, దాని మీదే కూర్చుంది. "తాంబూలాల పొద్దు నీ మూట నడవలోనే ఉన్నింది. నేనే పక్కకు జరిపి ముగ్గేసినా. దాంట్లో ఎన్ని పంచెలు ఉన్నె?"

పిళ్ళప్ప ఒళ్లోని పంచె మడతను వేలితో సరిచేశాడు.

"ఒకటి తీసి ఆయన చేతికిచ్చింటే, ఆడే కట్టుకోని లోపలికి వచ్చింటాడు కదన్నా."

ఆంజనేయప్ప ఊరుకోమన్నట్టు చెయ్యి ఆడించాడు. మిషను గుర్రుమంటూనే ఉంది. ఆ మూట పిళ్ళప్ప కళ్లకు కట్టింది. మర్నాడు సంత ఉందని ముప్పై పంచెలు ఇస్త్రీ చేయించి పైన పెట్టుకున్నాడు. గుమ్మానికీ మూటకూ నాలుగడుగులు. ఇవ్వకూడదని ఇవ్వలేదా అంటే, కాదు. ఇవ్వడం అనేది తట్టనే లేదు. మర్నాడు ఆ ముప్పైలో ఇరవై బాగేపల్లిలో అమ్మాడు, అప్పుడూ తట్టలేదు. ఇరవై ఆరేళ్లు రోజూ తలుచుకున్నాడు గదా, ఒక్కరోజూ తట్టలేదు. అది తలుచుకుంటే ఆయనకు తన మీద తనకే భయం వేసింది.

"తోచల్యామ్మా" అన్నాడు. "నాకు తోచల్యా."

తప్పు నాదే అన్న మాట కోసం ఇంతదూరం వచ్చాడు. తీరా నోట్లోంచి వచ్చింది ఇది. హనుమక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. తనూ ఇన్నేళ్లూ వేరేదేదో అనుకున్నానని, అన్నకు తన మొగుడంటే అంత లోకువని అనుకున్నానని చెప్పింది. పిళ్ళప్ప తల ఎత్తలేకపోయాడు.

బయట కారు ఆగింది. మంజునాథ చెమటలు కక్కుతూ గడప దగ్గరికి వచ్చి, లోపల మంచం చూసి, తిట్టాలనుకున్నవన్నీ మింగేసి నిలబడ్డాడు. పొద్దుపోతోంది, వెళ్లాలి. పిళ్ళప్ప ఒళ్లో ఆ పంచె ఉంది. కట్టుకోవాలంటే చేతులు రావు. తిరిగి ఇచ్చేస్తే, మంచం మీది మనిషి మళ్లీ ఒకసారి గడపలోంచి వెనక్కి పోయినట్టే. ఆంజనేయప్ప అటే చూస్తున్నాడు, కట్టుకుంటాడా లేదా అని.

పిళ్ళప్ప లేచాడు. హనుమక్క ఒక కొస పట్టుకుంటే, లుంగీ మీదే పంచె చుట్టి ముడి వేశాడు. ఎంతోమందికి కట్టిన చేతులే, అయినా ముడి రెండుసార్లు తప్పింది. ఎడమచేత్తో అంచును మోకాలి దాకా ఎత్తి పట్టుకుని, కుడిచేత కర్రతో ఒక్కో అడుగూ వేస్తూ గడప దాకా పోయాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగాడు. ఆంజనేయప్ప వైపు చూస్తూ ఎడమచెయ్యి వదిలేశాడు. పంచె జారి పాదాల మీద పడింది.

మంజునాథ ఒక్కంగలో వచ్చి తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు.

"చాల్లే బావా" అన్నాడు ఆంజనేయప్ప మంచం మీంచి. "ఎత్తి పట్టుకో... పడతావు."

పిళ్ళప్ప ఎత్తలేదు. కొడుకు చెయ్యి ఊతంగా, పంచె అంచు నేలను రాస్తుండగా, అట్లాగే గడప దాటాడు.